డిక్లరేషన్ డిక్రీకి స్టే: ఒక వకీలు ఆఫీసు చేసిన పనిపై సమీక్ష

మా కుటుంబపు అప్పీలును ఏడాదిన్నరగా చూస్తున్న ఒక వకీలు ఆఫీసు పనితీరుపై ఈ సమీక్ష రాస్తున్నాను. అప్పీలు ఇంకా విచారణలోనే ఉంది. పైగా మొదట జరిగిన పొరపాటును ఆ ఆఫీసే తరువాత సరిదిద్దింది. అందుచేత పేరు గాని ఊరు గాని చెప్పడం లేదు. కృష్ణా డెల్టాలో ఒక పట్టణం, కోర్టు ఎదుటి వీధిలో మేడమీద రెండు గదుల ఆఫీసు, ఒక సీనియరు, ఇద్దరు జూనియర్లు, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్న ఒక గుమాస్తా అని చెబితే చాలు. నేను రాయదలచింది ప్రధానంగా ఒకే పని గురించి. ఫలానా ఆస్తికి ఫలానా వ్యక్తే హక్కుదారు అని కింది కోర్టు చేసిన ప్రకటనను, అంటే డిక్లరేషన్‌ను, అప్పీలు తేలేదాకా నిలుపుదల చేయించవచ్చా అన్న ప్రశ్నను వారు ఎక్కడ జారవిడిచారో, తిరిగి ఎలా పట్టుకున్నారో ఇక్కడ చెబుతాను.

విషయం క్లుప్తంగా ఇది. మా తాతగారి మాగాణి 1 ఎకరం 60 సెంట్లు మా అమ్మగారికి పసుపు కుంకుమల కింద ఇచ్చారని మా వాదన. తాతగారు రాసిన వీలునామా ప్రకారం అది తనదని మా మేనమామ కుమారుడి వాదన. దావా ఆయన వేశారు, గెలిచారు. డిక్రీలో (కోర్టు నిర్ణయాన్ని తెలిపే ఉత్తర్వులో) మూడు భాగాలున్నాయి: ఆ భూమికి వాది సంపూర్ణ హక్కుదారు అన్న ప్రకటన, ఆయన అనుభవానికి మా అమ్మగారు గాని ఆమె మనుషులు గాని అడ్డు రాకూడదన్న శాశ్వత ఇంజంక్షను (నిషేధపు ఉత్తర్వు), దావా ఖర్చులు. పొలం మాత్రం ఇప్పటికీ మా కౌలుదారే దున్నుతున్నాడు. ఆ సంగతిని కింది కోర్టు నమ్మలేదు.

ముందుగా మెచ్చుకోవలసిన సంగతి చెప్పాలి. తీర్పు వచ్చిన రోజు సాయంత్రమే గుమాస్తా గారు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టించారు. జిల్లా కోర్టుకు అప్పీలు వేయడానికి గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. కాపీ కోసం పట్టిన కాలాన్ని కాలపరిమితి చట్టంలోని 12వ సెక్షన్ కింద మినహాయిస్తారు. కానీ అర్జీ పెట్టడంలో మనం చేసే ఆలస్యం మన ఖాతాలోనే పడుతుంది. దీన్ని చాలామంది చిన్న విషయమనుకుంటారు. గడువు దాటితే అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ కూడా వేయాలి. అప్పీలును విచారణకు తీసుకోవాలని కోర్టు నిర్ణయించేదాకా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డర్ 3ఏ రూల్ ప్రకారం, డిక్రీ ఎగ్జిక్యూషన్‌కు, అంటే అమలుకు, స్టే ఇవ్వడానికే వీల్లేదు. మా అప్పీలు 24వ రోజున నంబరైంది. స్టే పిటిషన్ కూడా దానితోనే వెళ్లింది. ఈ భాగానికి ఐదుకు ఐదు మార్కులు ఇవ్వడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

మూడు వారాల్లో స్టే వచ్చింది. సీనియరు గారు ఫోను చేసి, 'అమ్మగారితో చెప్పండి, ఇక నిశ్చింతగా ఉండమనండి' అన్నారు. మేమూ అలాగే ఉన్నాం. రెండు నెలలు గడిచాక, పట్టాదారు పేరు మార్చమని అవతలివారు డిక్రీ జత చేసి దరఖాస్తు పెట్టుకున్నారని మా కౌలుదారు కబురు పంపాడు. స్టే కాపీ పట్టుకొని మండల కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి ఆ ఒక పేజీ ఉత్తర్వును రెండుసార్లు చదివి, 'ఎగ్జిక్యూషన్' అన్న మాట కింద పెన్ను మొన ఆనించి, నెమ్మదిగానే అడిగారు: 'ఇందులో ఎగ్జిక్యూషన్‌ను ఆపారండీ. ఆయన హక్కుదారు అన్న డిక్లరేషన్‌ను ఆపినట్టు ఎక్కడుంది?' నా దగ్గర జవాబు లేదు. ఆయనను తప్పు పట్టడానికీ లేదు, ఎందుకంటే ఆ కాగితంలో నిజంగానే ఆ మాట లేదు.

వకీలు ఆఫీసు చేసిన పొరపాటు అదే. పిటిషన్‌లో వారు కోరింది 'డిక్రీ ఎగ్జిక్యూషన్‌ను నిలిపివేయాలి' అని మాత్రమే. డబ్బు డిక్రీకో, స్వాధీనపు డిక్రీకో అరిగిపోయినట్టు వాడే నమూనాను మా కేసుకూ వాడేశారు. ఇంజంక్షను ఉల్లంఘించారని ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి మా అమ్మగారిని అరెస్టు చేయించమనో, ఆస్తి జప్తు చేయమనో అవతలివారు అడగకుండా ఆ స్టే కాపాడింది. దావా ఖర్చుల వసూలునూ ఆపింది. డిక్రీలో అన్నిటికన్నా బరువైన మొదటి భాగాన్ని మాత్రం అది తాకనే లేదు. డిక్లరేషన్‌కు ఎగ్జిక్యూషన్ ఉండదు. ఒక హక్కు ఉందని కోర్టు చెప్పడంతోనే ఆ పని పూర్తవుతుంది. దాన్ని అమలు చేయడానికి అమీనా (కోర్టు ఉద్యోగి) రానక్కరలేదు, ఈపీ వేయనక్కరలేదు. జరగవలసిందేమీ మిగలని చోట ఎగ్జిక్యూషన్ ఆపమని అడిగితే కోర్టు ఇచ్చేది ఉత్త కాగితమే.

అలాగని డిక్లరేషన్ వల్ల బయట ఏమీ జరగదనుకోవడం ఆంధ్రలో పొలం ఉన్నవారెవరూ చేయకూడని పొరపాటు. భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల 1971 చట్టంలోని 8వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చూడండి. రికార్డులో నమోదు వల్ల నష్టపోయినవారు తమ హక్కును ప్రకటించమని సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చనీ, ఆ ప్రకటనకు అనుగుణంగా రికార్డును సవరించాలనీ అది చెబుతుంది. కోర్టు అన్న మాట నేరుగా రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లోకీ 1బీలోకీ నడిచి వెళ్లే దారి అది. పేరు మారితే పాసు పుస్తకం వస్తుంది, పాసు పుస్తకం వస్తే బ్యాంకు రుణం వస్తుంది, కొనేవాడూ వస్తాడు. తెలంగాణలో భూ రికార్డుల విధానంగా ఉన్న ధరణి పోయి భూభారతి వచ్చింది గాని, అక్కడి బంధువులు చెప్పే ఇబ్బందులు కూడా ఈ జాతివే.

మండల కార్యాలయం మెట్లు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లాను. సీనియరు గారు కాస్త చికాకు పడ్డారు. 'స్టే అంటే స్టేనే కదండీ' అన్నారు. పక్క గదిలో ఉన్న జూనియరు అమ్మాయి మాత్రం ఉత్తర్వు చదివి, 'సార్, ఆపరేషన్ (డిక్రీ ప్రభావం) అని అడగాల్సింది' అంది. ఆ ఒక్క వాక్యానికే ఆ ఆఫీసును నేను వదిలిపెట్టలేదు.

ఆ అమ్మాయి నాకు వివరించినదాన్ని, తరువాత నేను చదువుకున్నదాన్ని కలిపి చెబుతాను. 41వ ఆర్డర్ 5వ రూల్‌లో రెండు వేర్వేరు మాటలున్నాయి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ కింద జరిగే ప్రొసీడింగ్స్ ఆగవు, అప్పీలు కోర్టు ఉత్తర్వు ఇచ్చిన మేరకే ఆగుతాయన్నది మొదటిది. అప్పీలు వేశారన్న ఒక్క కారణంతో ఎగ్జిక్యూషన్ కూడా ఆగదు, తగిన కారణం చూపితే ఆపవచ్చన్నది రెండోది. మొదటి మాట రెండోదానికన్నా విశాలమైనది. దానికి తోడు, అప్పీలు కోర్టుకు మొదటి కోర్టుకున్న అధికారాలన్నీ ఉంటాయని 107వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, 39వ ఆర్డర్ కింద తాత్కాలిక ఇంజంక్షనూ అడగవచ్చు, 151వ సెక్షన్ కింద కోర్టుకు సహజంగా ఉన్న అధికారాన్నీ ఆశ్రయించవచ్చు. డిక్లరేషన్‌ను ఆపలేరనే వాదనకు ఉన్న బలమల్లా ఎగ్జిక్యూషన్ అన్న మాటలోనే ఉంది. ఆ మాట వదిలి, ప్రకటన ప్రభావాన్ని నిలపమనీ, దాన్ని ఆధారం చేసుకొని అవతలివారు ఫలానా పనులు చేయకుండా ఆపమనీ అడిగితే ఆ వాదనకు నిలబడే చోటు ఉండదు.

ఇది మన దేశంలో కొత్త కూడా కాదు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని చెప్పినది కూడా ప్రకటనే. అందులో అమీనా వచ్చి చేయవలసిన పని ఏమీ లేదు. ఆయనే తన ఉత్తర్వును 20 రోజులు నిలిపారు. జూన్ 24న సుప్రీం కోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు: ప్రధానిగా కొనసాగవచ్చు, లోక్‌సభ సభ్యురాలిగా ఓటు వేయరాదు, సభ్యురాలి జీతభత్యాలు తీసుకోరాదు. ప్రకటనను ముక్కలు చేసి, ఏ ఫలితం ఆగాలో ఏది ఆగకూడదో విడదీసిన తీరు ఆ ఉత్తర్వులో స్పష్టంగా కనిపిస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే కొత్తగూడెం శాసనసభ ఎన్నిక ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని, జలగం వెంకటరావు ఎన్నికైనట్లేనని ప్రకటించగా, ఆగస్టులో సుప్రీం కోర్టు దానిపై స్టే ఇచ్చింది.

అయితే ఎన్నికల కేసులను పట్టుకొని సివిల్ దావాలో వాదిస్తే జడ్జి గారు ఒప్పుకోరని ఆ జూనియరు ముందే హెచ్చరించింది, అది నిజం. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 116బీ సెక్షన్ ప్రత్యేకంగా ఉంది. దాని కింద స్టే వస్తే, ఎన్నిక చెల్లదన్న ఉత్తర్వు అసలు అమల్లోకే రానట్టు భావించాలని చట్టమే చెబుతుంది. మామూలు స్టేకు అంత శక్తి లేదు. 1992లో శ్రీ చాముండి మోపెడ్స్ కేసులో సుప్రీం కోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. ఉత్తర్వును కొట్టివేస్తే అది పుట్టకముందున్న స్థితి తిరిగి వస్తుంది. స్టే ఇస్తే మాత్రం ఆ ఉత్తర్వు స్టే ఇచ్చిన తేదీ నుంచి పనిచేయదు తప్ప తుడిచిపెట్టుకుపోదు. అంటే మా మేనమామ కుమారుడు హక్కుదారు అన్న తీర్పు రికార్డులో ఉంటుంది, దాన్ని వాడుకోవడం ఆగుతుంది. ఇది మొదటే చెప్పి ఉంటే మా అమ్మగారు 'మనం గెలిచినట్టేనా?' అని పదిసార్లు అడిగి ఉండేవారు కాదు. కక్షిదారుకు విషయం విడమరిచి చెప్పడంలో ఈ ఆఫీసుకు రెండు మార్కులకు మించి ఇవ్వలేను.

కోర్టులు ఎంత జాగ్రత్తగా కోసి ఇస్తాయో అమరావతి కేసు చూసినా తెలుస్తుంది. 2022 మార్చి 3న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజధాని విషయంలో ఇచ్చిన తీర్పులో శాసనసభ అధికార పరిధి గురించిన నిర్ధారణలూ ఉన్నాయి, నెలలో ఇది చేయాలి, ఆరు నెలల్లో అది చేయాలి అన్న గడువులూ ఉన్నాయి. ఆ ఏడాది నవంబరు 28న సుప్రీం కోర్టు గడువులు పెట్టిన ఆదేశాలను ఆపింది గాని తీర్పు మొత్తాన్ని ఆపలేదు. రాజకీయంగా ఎవరికి ఏది నచ్చినా, తీర్పులో 'చేయండి' అన్న మాటను ఆపడం తేలికనీ 'ఇదీ న్యాయం' అన్న మాటను ఆపించాలంటే వేరే కారణం చూపాలనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

మా రెండో పిటిషన్ ఆ జూనియరే రాసింది. మూడు కోరికలు విడివిడిగా పెట్టింది. అప్పీలు తేలేదాకా డిక్రీ మొదటి క్లాజు ప్రభావాన్ని సస్పెండ్ చేయాలి. ఆ డిక్రీ ఆధారంగా అవతలివారు రెవెన్యూ రికార్డుల్లో మార్పు కోరకూడదు. ఆ భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం, దానం చేయడం కూడదు. అఫిడవిట్‌లో పేరు మార్పు దరఖాస్తు తేదీ, రసీదు నంబరు వేసి, కౌలుదారు ధాన్యం అమ్మిన చీటీలు జతచేసింది. మొదటి అఫిడవిట్‌లో ఉన్న 'కోలుకోలేని నష్టం జరుగును' అన్న పడికట్టు వాక్యం బదులు, ఏ నష్టం, ఎవరి వల్ల, ఎప్పుడు అన్నది రాసింది. 5వ రూల్ మూడో ఉపరూల్ అడిగేది కూడా ఇదే: స్టే లేకపోతే గణనీయమైన నష్టం జరుగుతుందని, అనవసర జాప్యం లేకుండా వచ్చామని చూపాలి, పూచీకత్తు ఇవ్వాలి.

విచారణ నేను వెనక బల్లపై కూర్చొని విన్నాను. అవతలి ప్లీడరు గారి వాదన బలహీనమైనదేమీ కాదు. డిక్లరేషన్ కొత్తగా హక్కు పుట్టించదు, ఉన్న హక్కునే చెబుతుంది, చెప్పినదాన్ని చెప్పనట్టు ఎలా చేస్తారు అన్నది ఒకటి. దావా నడుస్తుండగా జరిగే అమ్మకం ఎలాగూ ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ కింద అప్పీలు ఫలితానికి లోబడే ఉంటుంది కదా, ఇంక నష్టమేముంది అన్నది రెండోది. జడ్జి గారు రెండోదాన్ని పట్టుకొని మా వైపు చూశారు. సీనియరు గారు లేచి చెప్పిన జవాబు బాగుంది: అమ్మకం అప్పీలుకు లోబడి ఉంటుందన్నది నిజమే, కానీ కొన్నవాడు పొలంలోకి దిగి, గట్లు చెరిపి, ఇళ్ల స్థలాలుగా కోసి అమ్మితే, అప్పీలు గెలిచిన డెబ్బై ఏళ్ల మనిషి పదిహేను మంది మీద తిరగాలి, ఆ సెక్షన్ హక్కును కాపాడుతుంది గాని ఆమె వయసును కాపాడదు. మొదటి పిటిషన్ రోజున ఈ శ్రద్ధ ఎక్కడికి పోయిందో అనిపించింది గాని, ఆ పది నిమిషాలకు మాత్రం ఫీజు గిట్టుబాటైంది.

ఉత్తర్వు మేము అడిగినంతా ఇవ్వలేదు. ప్రకటనను సస్పెండ్ చేస్తున్నామన్న మాట అందులో లేదు. డిక్రీ ఆధారంగా రికార్డుల్లో మార్పు చేయించుకోరాదని, ఇరుపక్షాలూ ఆస్తిని అన్యాక్రాంతం చేయరాదని, ఏటా కౌలు మొత్తాన్ని మా అమ్మగారు కోర్టులో జమ చేయాలని ఉంది. జమ చేయమనడం మొదట మాకు మింగుడుపడలేదు. ఆలోచిస్తే న్యాయంగానే తోచింది. కింది కోర్టులో గెలిచినవాడిని ఖాళీ చేతులతో కూర్చోమన్నప్పుడు, పంట ఆదాయమైనా ఎక్కడో భద్రంగా ఉండాలి కదా. ఇక్కడ జూనియరు మరో మంచి పని చేసింది. మొదట జడ్జి గారు 'యథాతథ స్థితి' అని మాత్రమే రాయించబోతుంటే, ప్రస్తుతం సాగు ఎవరిదో నమోదు చేయమని ప్రాధేయపడింది. ఎవరి స్థితి అన్నది రాయని స్టేటస్ కో ఉత్తర్వు పట్టుకొని ఇద్దరూ పోలీసు స్టేషనుకు వెళ్లడం మా ఊళ్లో రెండుసార్లు చూశాను.

తరువాతి పనుల్లో మళ్లీ సడలింపు కనిపించింది. స్టే గురించి మొదటి కోర్టుకు తెలిసిన తేదీ నుంచే అది పనిచేస్తుందని 5వ రూల్ వివరణలో ఉంది. ఉత్తర్వు అందేలోగా అప్పీలుదారు తనకు స్వయంగా తెలిసిన మేరకు అఫిడవిట్ వేసినా ఆ కోర్టు దాన్నిబట్టి నడుచుకోవాలి. అందుకే కాపీ అదే రోజు పంపాలి. మా కాపీ నాలుగు రోజులు గుమాస్తా గారి బల్లపైనే ఉంది. మండల కార్యాలయానికీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికీ నేనే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, చేతికి కూడా ఇచ్చి, రెండో కాపీపై ముద్ర వేయించుకున్నాను. ఫీజుకు రసీదు అడిగితే మొహం మారుతుంది. వాయిదా తేదీ వాళ్లు చెప్పేదాకా ఆగకుండా ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి చూసుకోవడం నేర్చుకున్నాను.

ఆరు నెలలు దాటాక అవతలివారు 'స్టే కాలం తీరిపోయింది' అంటూ మళ్లీ మండల కార్యాలయానికి వెళ్లారు. 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీం కోర్టు స్టేలకు ఆరు నెలల హద్దు పెట్టిన మాట నిజమే. కానీ 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియమాన్ని తోసిపుచ్చి, స్టే దానంతట అది రద్దు కాదని చెప్పింది. జూనియరు ఆ తీర్పు జతచేసి ఒక పేజీ లేఖ రాసిచ్చింది. దరఖాస్తు పక్కన పెట్టారు. ఆ లేఖకు డబ్బు తీసుకోలేదు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఇటువంటి డిక్రీ మీద అప్పీలుకు ఈ ఆఫీసుకు గాని మరో ఆఫీసుకు గాని వెళ్లేవారు వకాల్తా మీద సంతకం పెట్టేముందు స్టే పిటిషన్‌లోని చివరి పేరా తెలుగులో చదివించుకోండి. అందులో ఎగ్జిక్యూషన్ అన్న ఒక్క మాటే ఉంటే తిరిగి రాయించండి. మా అప్పీలు తుది వాదనలకు వచ్చే నెల వాయిదా పడింది. ఈసారి వాదించేది జూనియరేనని గుమాస్తా గారు చెప్పారు.